పాత సీడీ ప్లేయర్ డిస్క్ పట్టుకోవడం లేదా? ‘లెన్స్ పోయింది’ అనే ముందు ఇవి చూడండి

మా ఇంట్లో సీడీ ప్లేయర్ 1999లో కొన్నది. నేను రాజమండ్రిలో పిల్లలకు సంగీతం చెబుతాను. పాఠం అయ్యాక పెద్దల పాట ఒకటి వినిపించి గానీ పంపను. క్యాసెట్టయితే బెల్టు సాగిన కొద్దీ శ్రుతి జారిపోతుంది. సీడీ ప్లేయర్‌లో వేగాన్ని నిలబెట్టేది క్వార్ట్జ్ క్రిస్టల్ కాబట్టి శ్రుతి వెంట్రుకవాసి కూడా కదలదు. పాడేవాళ్లకు దాని విలువ తెలుసు.

పోయిన వానాకాలం అది మొరాయించింది. డిస్క్ వేస్తే లోపల రెండు మూడుసార్లు టిక్కుమని, కాసేపటికి ‘నో డిస్క్’ అని చూపేది. షాపుకి తీసుకెళ్తే అబ్బాయి మూతైనా విప్పకుండా “లెన్స్ పోయిందమ్మా, వీటికి సామాన్లు రావట్లేదు, బ్లూటూత్ స్పీకర్ కొనుక్కోండి” అన్నాడు. మనసొప్పలేదు. మా గురువుగారి కాంభోజి ఆలాపన ఉన్న డిస్క్ నా దగ్గర ఒకటే ఉంది, దాన్ని ఈ ప్లేయర్‌లోనే ఇన్నేళ్లు విన్నాను. ఇంటికి తెచ్చి మూడు సాయంత్రాలు కూర్చున్నాను. లెన్స్ పోలేదు. దానికి అగరుబత్తి పొగ పట్టింది, లెన్స్ జరిగే పట్టాల మీద గ్రీజు గట్టిపడింది, అంతే. ఆ తర్వాత మా శిష్యుల ఇళ్లలోవి ఇంకో నాలుగు చూశాను. నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి. మూడు డిస్కులు తీసుకోండి: కంపెనీ వేసిన డిస్క్ ఒకటి, ఇంట్లోనో షాపులోనో రాయించుకున్నది ఒకటి, 70 నిమిషాలు దాటిన నిండు డిస్క్ ఒకటి. వేసి, ఎక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకోండి. రోగం సగం ఇక్కడే బయటపడుతుంది.

ఎందుకంటే సీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది, మన గ్రామఫోన్ రికార్డుకి ఎదురు. మొట్టమొదట మధ్య రంధ్రం పక్కనే ఉన్న విషయసూచికను చదువుతుంది. ఎన్ని పాటలు, ఏది ఎక్కడ మొదలు అన్నది అందులోనే ఉంటుంది. అది అందకపోతే ప్లేయర్ దృష్టిలో డిస్కే లేనట్టు. పైగా లోపల ఉన్నప్పుడు డిస్క్ నిమిషానికి సుమారు 500 చుట్లు తిరగాలి, బయటి అంచుకు వచ్చేసరికి 200 చాలు. అందుకని అరిగిన మోటారు మొదటి పాటల్లోనే తడబడుతుంది. ఎలాగోలా అందుకుంటే చివరి పాటలు చక్కగా సాగుతాయి. మొదటి పాటలు బాగుండి, ఏ డిస్క్ వేసినా నలభయ్యో నిమిషం దగ్గర ఎగరడం మొదలెడితే మోటారును అనకండి, లెన్స్ జరిగే పట్టాలు చూడండి. ఒకే డిస్క్‌లో ఒకే చోట ఎగిరితే తప్పు ఆ డిస్క్‌దే.

కంపెనీ డిస్క్ పాడుతూ, రాయించుకున్నది పాడకపోతే వెలుగు చాలట్లేదని అర్థం. డిస్క్ మీద లేజర్ వెలుగు వేసి, తిరిగి వచ్చినదాన్ని బట్టే ప్లేయర్ చదువుతుంది. కంపెనీ డిస్క్ మీద పడ్డ వెలుగులో కనీసం 70 శాతం వెనక్కి వస్తుంది. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ నుంచి 15 నుంచి 25 శాతమే వస్తుంది. ఆర్‌డబ్ల్యూని పాత ప్లేయర్ చదవలేదంటే అది రోగమే కాదు, ఆ డిస్కుల కోసం ఆ ప్లేయర్‌ను తయారు చేయలేదు.

ఇప్పుడు డిస్క్ సంగతి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా వద్దు. సీడీలో తప్పులు సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది. ట్రాక్ (పాట రాసి ఉన్న సన్నని చుట్ల దారి) వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా లెక్కకట్టి పూరించుకుంటుంది. అడ్డంగా పడ్డ గీతను క్షణంలో దాటేస్తుంది. ట్రాక్ వెంబడే పడ్డ గీత ఆ హద్దు దాటిపోతుంది. గుండ్రంగా తుడిస్తే పడేవి సరిగ్గా ఆ రెండో రకం గీతలే. మెత్తని నూలు గుడ్డ, కాస్త నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. ఇంకో మాట, మెరిసే వైపు గీతలకంటే బొమ్మ ఉన్న వైపు దెబ్బ ప్రమాదం. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది. పైన అల్యూమినియం పొరకు సన్నని పూత తప్ప రక్ష లేదు. డిస్క్‌ని దీపానికి అడ్డం పెట్టి చూడండి, సూదిబెజ్జాల్లా వెలుగు కనబడితే అక్కడ పొర పోయినట్టే.

ఏసీ గదిలోంచి తెచ్చి వానాకాలపు ఉక్కలో వెంటనే పెట్టి చూడకండి. లెన్స్ మీద చెమ్మ పడుతుంది. ఒక గంట ఆగండి.

ఇవన్నీ అయ్యాక మూత విప్పండి. ప్లగ్గు సాకెట్ నుంచి పూర్తిగా తీసి పది నిమిషాలు ఆగాలి. కరెంటు వైరు లోపలికి వచ్చే చోట ఉన్న బోర్డును ముట్టుకోవద్దు, ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలిచి ఉండొచ్చు. ఎక్కడి స్క్రూ ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద బొమ్మ గీసి, దాని మీదే పెట్టుకోండి. మూత తీసి నడిపేటప్పుడు ముఖం లెన్స్ పైకి తీసుకెళ్లకండి. లెన్స్ నుంచి వచ్చే లేజర్ కిరణం 780 నానోమీటర్లది, దాదాపు కంటికి కనపడదు. కనపడదు కాబట్టే రెప్ప వేసుకోం, కన్ను దెబ్బతింటుంది. పక్క నుంచి చూస్తే లెన్స్ పైకీ కిందికీ రెండు మూడుసార్లు కదలడం తెలుస్తుంది. డిస్క్ మీద చూపు నిలుపుకోవాలని అది వెతుక్కోవడం. నేను విన్న టిక్కు అదే. అలా కదులుతోందంటే అది ఇంకా ప్రాణంతో ఉన్నట్టే.

లెన్స్ శనగబద్దంత ఉంటుంది, శుభ్రంగా ఉంటే నీలి ఛాయ కొడుతుంది. నాది పాలు విరిగినట్టు మసకగా ఉంది. పూజగది పక్కన పెట్టిన ప్లేయర్‌కీ, వంటింటి పోపు పొగ తగిలే ప్లేయర్‌కీ ఇదే గతి. కుంచె అతికించి అమ్మే క్లీనింగ్ సీడీ పొడి దుమ్మునే దులుపుతుంది, జిడ్డు పొర దానితో పోదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని సీసా మీద చూసి కొనండి. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక మళ్లీ పొర కడుతుంది. గోళ్ల రంగు తీసే మందు అసలే వద్దు, లెన్స్ ప్లాస్టిక్‌ది, తెల్లబారిపోతుంది. ఇయర్ బడ్‌ని ఒకసారి ముంచి, చుక్క కారకుండా పిండి, పసిపిల్ల కళ్ల కాటుక తుడిచినంత మెల్లగా గుండ్రంగా తిప్పండి. వెంటనే పొడి బడ్‌తో అద్దండి. లెన్స్ జుట్టంత సన్నని తీగల మీద వేలాడుతుంది, నొక్కితే వంగి మరి లేవదు. దుమ్ము ఊదాలంటే కెమెరా వాళ్లు వాడే రబ్బరు బుడ్డి వాడండి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి.

తర్వాత పట్టాలు. లెన్స్ ఉన్న దిమ్మె ఇనుప కడ్డీ మీద జరుగుతుంది, పక్కన తెల్లని పళ్లచక్రాలు ఉంటాయి. చక్రాన్ని వేలితో తిప్పి దిమ్మెను ఈ చివర నుంచి ఆ చివరకు నడపండి. ఎక్కడ బిగుస్తోందో చేతికి తెలుస్తుంది. నా ప్లేయర్‌లో గ్రీజు తుమ్మజిగురులా అయిపోయింది. దాన్ని ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచేసి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే తెల్ల గ్రీజు బియ్యపుగింజంత పెట్టి, ఆ చివరికీ ఈ చివరికీ పదిసార్లు నడిపాను. కొబ్బరినూనె చలికాలం పేరుకుంటుంది, కుట్టుమిషన్ నూనె పాకి లెన్స్ దాకా పోతుంది. రెండూ వద్దు.

ట్రే పూర్తిగా మూసుకోకపోయినా డిస్క్ చదవదు. అక్కడ చూడాల్సింది రబ్బరు బెల్టు. డిస్క్‌ని పైనుంచి పట్టే గుండ్రని అయస్కాంతపు బిళ్ల జారిపోయిందేమో కూడా చూడండి. పైమూత ఎత్తే రకాల్లో మూత మూలన చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కుకోకపోతే ప్లేయర్ కదలనే కదలదు.

మోటారు అరిగిందని మీ కాగితం చెబితే మార్చుకోవచ్చు. అయితే డిస్క్ కూర్చునే చక్రాన్ని పీకేముందు దాని కింది సందులో పోస్టుకార్డు ముక్కలు దూర్చి, ఎన్ని పట్టాయో రాసుకోండి. కొత్త మోటారుకు సరిగ్గా అదే ఎత్తులో దిగ్గొట్టాలి.

లెన్స్ దిమ్మె పక్కన చాలా చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దయచేసి దాన్ని తిప్పకండి. తిప్పి లేజర్‌కు కరెంటు పెంచితే నాలుగు రోజులు అద్భుతంగా పాడుతుంది, తర్వాత లేజర్ కాలిపోతుంది. ఒక శిష్యురాలి ఇంటి ప్లేయర్ అలాగే పోయింది. ఎవరో రిపేరు చేసి ఇచ్చిన వారానికి మూగబోయింది. దానికి హెడ్ (లెన్స్, లేజర్ కలిసి ఉన్న దిమ్మె) మార్చక తప్పలేదు. హెడ్ మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది. కేఎస్‌ఎస్-213సి, ఎస్‌ఎఫ్-పి101ఎన్ లాంటివి ఎన్నో కంపెనీల ప్లేయర్లలో కనబడతాయి. ఆ రెండోదానిలో 15 పిన్నులదీ 16 పిన్నులదీ వేరు, లెక్కపెట్టుకుని వెళ్లండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగి తెచ్చాం. కొత్త హెడ్ మీద రెండు చుక్కలను కలుపుతూ సోల్డర్ వేసి ఉంటుంది, స్టాటిక్ కరెంటుకు లేజర్ చావకుండా. రిబ్బన్ (బోర్డుకు కలిపే చదునైన తీగల పట్టీ) తగిలించాకే ఆ సోల్డర్ తీయాలి, తీయడం మరిచిపోతే వెలుగే రాదు. ఈ పనికి కూర్చునేటప్పుడు పాలిస్టర్ చీర వద్దు, నూలు చీర కట్టుకోండి.

ప్లేయర్ పాడటం మొదలెట్టిన రోజే చేయాల్సింది ఒకటుంది. ఇంకెక్కడా దొరకని డిస్కులను కంప్యూటర్‌లోకి వేవ్ ఫైళ్లుగా ఎక్కించి, రెండు చోట్ల దాచండి. ఎంపీత్రీగా కుదించకండి, తంబురా నాదం పలచబడుతుంది.

మా గురువుగారి డిస్క్ ఇప్పుడు మొదలు నుంచి చివరి వరకు పాడుతోంది, ఒక్క చోట తప్ప. ఆలాపన పై షడ్జం చేరేటప్పుడు రెండు క్షణాలు ఎగురుతుంది. అక్కడ డిస్క్ పైభాగాన ఎన్నో ఏళ్ల క్రితం నేనే బాల్‌పెన్‌తో ఆయన పేరు రాశాను. ఆ రెండు క్షణాల సంగతులు పిల్లలకు నేను పాడి చెబుతున్నాను.