సెవర్న్ వ్యాలీలో పాత డీజిళ్ళు చూడాలంటే

మా అమ్మాయి కాపురం బర్మింగ్‌హామ్‌లో. ఎండాకాలం అక్కడ గడుపుతాం కాబట్టి, మాలాగే పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది గుడిలో కలుస్తారు. టివిడేల్ బాలాజీ దర్శనం అయింది, లండన్ చూసొచ్చాం, ఇంకేముంది అని అడుగుతారు. కిడ్డర్‌మిన్‌స్టర్ వెళ్ళండి, పాత డీజిల్ ఇంజన్లున్నాయి అంటాను. మొహం చిట్లిస్తారు. పొగబండి అయితే సరే, డీజిల్ ఏం చూస్తామండీ అని. నేను కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి, నాకు పక్షపాతం ఉంటుంది. అయినా ఎలా చూడాలో తెలిస్తే మీక్కూడా నచ్చుతుందని నా నమ్మకం.

ముందు ఆ లైను సంగతి. సెవర్న్ వ్యాలీ రైల్వే కిడ్డర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా 16 మైళ్ళు, చాలావరకు సెవర్న్ నది ఒడ్డునే. ప్రభుత్వం మూసేసిన లైనును అభిమానులు 1965లో సంఘం పెట్టుకుని నిలబెట్టుకున్నారు. 1970లో కొంత దూరం రైళ్ళు మొదలయ్యాయి, 1984లో కిడ్డర్‌మిన్‌స్టర్ దాకా వచ్చారు. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు. ఆవిరి ఇంజన్లకే పేరు, కానీ 2016లో కిడ్డర్‌మిన్‌స్టర్‌లో డీజిళ్ళకని ప్రత్యేకంగా డిపో కట్టారు. ఆవిరి అభిమానులు డీజిల్‌ను కొంచెం చిన్నచూపు చూస్తారు, తమ ఇంజన్లను తోలేసింది ఇదేనని. వాళ్ళకు నేను గుర్తుచేసేది ఒకటుంది. బ్రిటన్‌లో వాలంటీర్లు స్టాండర్డ్ గేజి మీద, అంటే అక్కడి మామూలు వెడల్పు పట్టాల మీద నడిపిన మొట్టమొదటి రైలు 1960లో లీడ్స్‌లోని మిడిల్‌టన్ రైల్వేది. దాన్ని లాగింది డీజిల్ ఇంజనే.

రోజు ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. మామూలు రోజుల్లో కూడా ఒకటో రెండో రైళ్ళకు డీజిల్ కడతారు, ఏ రైలుకు ఏదో టైంటేబుల్‌లోనే ఉంటుంది. కానీ వీలైతే డీజిల్ పండగ రోజుల్లో వెళ్ళండి. సాధారణంగా మే నెలలో పెడతారు. వేరే లైన్ల నుంచి కూడా అతిథి ఇంజన్లు వస్తాయి. ప్రకటించిన ఇంజన్ కచ్చితంగా వస్తుందని మాత్రం అనుకోవద్దు. యాభై, అరవై ఏళ్ళ యంత్రాలు, ముందురోజు సాయంత్రం ఏ వాటర్ పంపో కారితే వేరేది పంపిస్తారు. బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. టికెట్ రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కి దిగేది తీసుకోవాలి. ఒక్క రౌండ్‌కు తీసుకుంటే డబ్బు దండగ. బర్మింగ్‌హామ్ స్నో హిల్ నుంచి కిడ్డర్‌మిన్‌స్టర్‌కు మామూలు రైళ్ళుంటాయి, దిగితే పక్కనే వీళ్ళ స్టేషన్. పాతకాలంది అనిపిస్తుంది గానీ 1980లలో కట్టిందే.

ఇంజన్ నంబర్ చదవడం తేలిక. అయిదు అంకెల్లో మొదటి రెండూ క్లాస్, అంటే ఇంజన్ రకం, మిగతా మూడూ వరస నంబర్. 50031 అంటే 50వ క్లాస్‌లో 31వది. అంతకుముందు పాత పద్ధతిలో ముందు 'డి' అక్షరం ఉండేది, కొన్నింటికి ఇప్పటికీ ఆ నంబరే ఉంచారు. నంబర్ తెలిస్తే లోపల ఏ ఇంజన్ ఉందో తెలిసినట్టే, ఎలాంటి శబ్దం వస్తుందో కూడా తెలిసినట్టే.

ఇక అసలు విషయం. పొద్దున తొలి రైలుకు చాలా ముందే ప్లాట్‌ఫామ్ మీద ఉండండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడం చూడకపోతే మీరు డీజిల్‌ను సగమే చూసినట్టు. మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు బటన్ నొక్కితే ఠక్కున లేస్తుంది, అందులో చూడ్డానికి ఏమీ ఉండదు. రాత్రంతా ఆగి ఉన్నదానితో తంతు వేరు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను, బయటినుంచి వింటూ పోల్చుకోండి. ముందు ఫిట్టర్ టార్చ్ పట్టుకుని ఇంజన్ రూమ్‌లోకి వెళ్తాడు. సంప్‌లో, అంటే అడుగు తొట్టిలో, ల్యూబ్ ఆయిల్ ఎంతుందో డిప్‌స్టిక్ తీసి చూస్తాడు, గవర్నర్ (ఇంజన్‌కు ఎంత డీజిల్ వెళ్ళాలో చూసుకునే పరికరం) గాజులో ఆయిల్ మట్టం చూస్తాడు, కూలింగ్ నీళ్ళ గేజి చూస్తాడు. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టే బాధ లేదు. ఇక్కడ యాంటీఫ్రీజ్ కలపకపోతే చలికాలానికి నీళ్ళన్నీ దించేయాలి, లేకపోతే మంచు కట్టి బ్లాక్ పగిలిపోతుంది.

తర్వాతది కంటికి కనిపించదు గానీ అన్నిటికంటే ముఖ్యం. చాలాకాలం ఆగి ఉన్న ఇంజన్‌లో ఏ సిలిండర్ హెడ్‌కో సన్నటి పగులుంటే నీళ్ళు బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి దిగి నిలుస్తాయి. అలాగే స్టార్ట్ చేశారో, గాలి నలిగినట్టు నీళ్ళు నలగవు. పిస్టన్ పైకొచ్చి నీళ్ళకు కొట్టుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ప్రతి సిలిండర్‌కూ ఉండే చిన్న టెస్ట్ కాక్‌లు తెరిచి, ఇంజన్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పుతారు. షెడ్‌లో దీన్ని బారింగ్ అంటాం. కాక్ లోంచి ఉత్త గాలి వస్తే సరే. నీళ్ళ తుంపర వస్తే ఆ రోజుకు ఆ ఇంజన్ కదలదు. మా షెడ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదట నేర్పేది ఇదే, అరచెయ్యి కాక్ ముందు పెట్టి తడి తగులుతుందా చూడమని.

ఇప్పుడు బయట ఉన్న మీకు సన్నగా మోటార్ హమ్ వినిపిస్తుంది. అది ప్రైమింగ్ పంపు, బేరింగులకు ముందుగా ఆయిల్ పంపిస్తోంది. ఈ శబ్దం రాగానే చుట్టూ ఉన్న అభిమానులు ఫోన్లు, రికార్డర్లు తీస్తారు. మీరూ తీయండి. తర్వాత డ్రైవర్ బటన్ నొక్కుతాడు. బరువుగా ఒక మూలుగు. కారులోలాగా విడిగా స్టార్టర్ ఉండదు, మామూలుగా చక్రాల మోటార్లకు కరెంట్ ఇచ్చే మెయిన్ జనరేటరే బ్యాటరీ కరెంట్‌తో మోటార్‌గా మారి అంత పెద్ద క్రాంక్ షాఫ్ట్‌నూ తిప్పుతుంది. మన రైల్వేల పాత డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2కి ఎనిమిదేసి వోల్టుల బ్యాటరీలు ఎనిమిది, మొత్తం 64 వోల్టులు. చలి ఉదయం బ్యాటరీ నీరసంగా ఉంటే ఆ మూలుగు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. రెండు మూడు సిలిండర్లు ముందు అంటుకుంటాయి, బండి మొత్తం ఊగుతుంది, తెల్లటి పొగ కమ్ముకుంటుంది, తర్వాత ఒక్కొక్కటే కలుస్తూ చప్పుడు సమానమవుతుంది. అంతా కలిపి నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత వేడెక్కేదాకా వదిలేస్తారు. ఈలోపు మీరు టీ తాగి రావచ్చు.

పొగ రంగు చూడటం నేర్చుకుంటే రోజంతా కాలక్షేపం. చల్లగా ఉన్నప్పుడు తెలుపు వస్తే అది కాలని డీజిల్, కాసేపట్లో పోవాలి. నీలం అంటే ల్యూబ్ ఆయిల్ కాలుతోంది. చాలాసేపు ఐడిల్‌లో నిలబెట్టి కదిలిస్తే కొంచెం వస్తుంది, ఆగకుండా వస్తే మాత్రం లోపల అరుగుదల. రైలు కదిలేటప్పుడు భుగ్గుమని వచ్చే నల్ల పొగ కోసమే ఇక్కడ జనం కెమెరాలు పెట్టుకుని కూర్చుంటారు. గవర్నర్ వెంటనే డీజిల్ పెంచుతుంది, కానీ సిలిండర్లలోకి గాలి తోసే టర్బో తిరగాల్సింది పొగ ఒత్తిడితో కాబట్టి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ కాసేపు డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. మన ఆల్కోలు, అంటే ఆల్కో కంపెనీ డిజైన్‌తో చేసిన డబ్ల్యూడీఎం-2 లాంటివి, ఈ విషయంలో ప్రపంచ ప్రసిద్ధి. కాజీపేటలో నల్ల పొగ ఎక్కువైతే మాకు మెమోలు వచ్చేవి, ఇక్కడ చప్పట్లు కొడుతున్నారు.

ఏ ఇంజన్ కోసం చూడాలంటే, నా ఓటు క్లాస్ 50కి. 1967, 68ల్లో ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీ యాభై ఇంజన్లు కట్టింది. తర్వాత వాటికి యుద్ధనౌకల పేర్లు పెట్టారు. ఈ లైన్ మీద హుడ్, ఆర్క్ రాయల్ లాంటివి కనిపిస్తాయి. 16 సిలిండర్లు, 2,700 హార్స్‌పవర్. మన డబ్ల్యూడీఎం-2 కూడా 16 సిలిండర్లే, 2,600. పక్కపక్కన పెట్టదగ్గవే, కానీ శబ్దం వేరు. దీని సిలిండర్ వెడల్పు 10 అంగుళాలు, ఆల్కోది 9. ఇది నిమిషానికి 850 చుట్లు తిరిగితే అది 1,000. అందుకే దీని దెబ్బ కాస్త నిదానంగా, లావుగా పడుతుంది. మొదట్లో గాలి ఫిల్టర్ల ఫ్యాన్ల రొద వల్ల వీటిని హూవర్ అని పిలిచారు, ఇల్లు ఊడ్చే మెషీన్ పేరు. ఆ ఫ్యాన్లు తర్వాత తీసేశారు, పేరు మాత్రం ఉండిపోయింది. అదే కంపెనీ క్లాస్ 40 ఎప్పుడైనా అతిథిగా వస్తే వదలొద్దు. ఐడిల్‌లో నిలబడే టర్బో ఈల వేస్తుంది, వాళ్ళు దాన్ని విజిలర్ అనే అంటారు.

డి1062 వెస్టర్న్ కొరియర్ పూర్తిగా వేరే జాతి. అందులో మెయిన్ జనరేటర్ లేదు, చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు లేవు. రెండు మేబాక్ ఇంజన్లు, నూనె ద్వారా శక్తి అందించే టార్క్ కన్వర్టర్లు, షాఫ్టుల ద్వారా చక్రాలకు శక్తి. బ్రిటిష్ రైల్వేలో పశ్చిమ రీజియన్ ఒక్కటే జర్మన్ పద్ధతి నమ్ముకుని ఇలాంటివి 74 కట్టింది, ఏడు మిగిలాయి. జనరేటర్లకూ మోటార్లకూ కార్బన్ బ్రష్‌లు మారుస్తూ, కమ్యుటేటర్లు తుడుస్తూ సర్వీసు గడిపినవాణ్ణి నేను. అవేవీ లేని ఇంజన్ కింద వంగి చూస్తే కొంచెం అసూయ కలిగింది.

రైలెక్కేటప్పుడు ఇంజన్ పక్క పెట్టెలోనే ఎక్కండి. అభిమానులంతా అక్కడే ఉంటారు, చోటు దొరకడం కష్టం, అందుకే ముందు రావాలి. అద్దం నాలుగు వేళ్ళు దించితే చాలు, శబ్దం లోపలికే వస్తుంది. తల, చెయ్యి బయట పెట్టడం ఇక్కడ ఒప్పుకోరు, చెట్లూ స్తంభాలూ మరీ దగ్గర. వాళ్ళు రికార్డ్ చేసుకుంటున్నప్పుడు మనం ఫోన్‌లో ఇండియాకు వీడియో కాల్ చేసి గట్టిగా మాట్లాడకూడదు, ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. వేగం గంటకు 25 మైళ్ళే, అయినా బండి మూలుగుతుంది, ముఖ్యంగా బ్యూడ్లీ నుంచి కిడ్డర్‌మిన్‌స్టర్ వైపు వచ్చేటప్పుడు. అక్కడ ఎక్కుడు, పైగా ఒక సొరంగం. సొరంగంలో అద్దం దించి ఉంచండి. పిల్లలుంటే ముందే చెవుల్లో దూది పెట్టండి. ఇదే దారిలో సఫారీ పార్కు తగులుతుంది, ఏనుగులు కనిపిస్తాయి. ఇంజన్లంటే విసుక్కునే ఆడవాళ్ళను ఒప్పించడానికి మాకు అదే పనికొచ్చింది. ఆర్లీ దగ్గర నది దాటే విక్టోరియా బ్రిడ్జి 1861 నాటిది, ఒకే ఇనప కమాను, దాన్ని ఆర్లీలో దిగి నడిచి వెళ్ళి కింది నుంచి చూస్తేనే బాగుంటుంది.

స్టేషన్లో బండి ఆగినప్పుడు వాలంటీర్లను అడగండి. ఇంగ్లీష్ రాదని మొహమాటపడొద్దు. నాకు వచ్చింది అంతంతమాత్రమే, కానీ పిస్టన్, లైనర్, గవర్నర్, ఎగ్జాస్టర్ అనే మాటలు వాళ్ళవీ మావీ ఒకటే. బాగుందండీ అని ఊరికే అంటే థాంక్యూ అని ఊరుకుంటారు. బ్రేకులకు వాక్యూమ్ ఎంత పెడతారని అడిగి చూడండి. ఇక్కడ మామూలు లెక్క 21 అంగుళాలు, మన దగ్గర వాక్యూమ్ బ్రేకుల రోజుల్లో గేజి మీద 53 సెంటీమీటర్లు చూసేవాళ్ళం, రెండూ ఒకటే. ఈ మాట చెప్పాక ఒక పెద్దాయన నన్ను క్యాబ్ మెట్ల దాకా తీసుకెళ్ళి గేజి చూపించాడు. డిపోలోకి మాత్రం ఎవరూ పిలవకుండా అడుగు పెట్టకండి, పట్టాలు ఎక్కడా అడ్డంగా దాటకండి.

నాకు నచ్చేది ఏంటంటే ఇక్కడ ఇంజన్‌ను రంగు వేసి దిమ్మె మీద నిలబెట్టి దండ వేయరు. మన దగ్గర స్టేషన్ల ముందు అలా నిలబెట్టినవి చూస్తే నాకు లోపలికెళ్ళి టెస్ట్ కాక్ తెరవాలనిపిస్తుంది, తెరిచినా లాభం లేదు. ఇక్కడివాళ్ళు విడిభాగాల కోసం అదే రకం ఇంకో ఇంజన్ కొని పెట్టుకుంటారు, శనివారాలు వచ్చి నూనెలో చేతులు పెడతారు. డిబ్బీ కనిపిస్తే రెండు మూడు పౌండ్లు వేయండి.

మే నెలైనా స్వెటర్ తప్పదు, అద్దాలు దించే ఉంటాయి కదా. పులిహోర కట్టుకెళ్ళండి, స్టేషన్లలో శాకాహారం పెద్దగా కడుపు నిండదు. చివరి రైలు ఎప్పుడో పొద్దున్నే రాసుకోండి, బ్యూడ్లీలో నది ఒడ్డున కూర్చుంటే టైమ్ తెలియదు. ఇంటికొచ్చాక ఆ స్వెటర్‌ను మిగతా బట్టలతో కలిపి మెషీన్‌లో వేయకండి. డీజిల్ వాసన అన్నిటికీ పడుతుంది. మా అమ్మాయి ఇంట్లో నా బట్టలకు ఇప్పుడు వేరే బుట్ట.