చెన్నైలో నెగ్గుకొచ్చే తమిళం – 7వ పాఠం: పోదుమా? పోలామా?

స్నేహితులతో కన్యాకుమారి వెళ్లి ఫెర్రీ ఎక్కే రోజుకి కావలసిన మాటలన్నీ ఈసారి చెప్తానని కిందటి పాఠంలో మాటిచ్చాను. చెప్తాను. ముందు ముత్తుకాడు సంగతి తేలాలి.

6వ పాఠం చివర ఏం చెప్పాను? చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ రోడ్డు మీద ముత్తుకాడు వెళ్లండి, బోటెక్కండి, మళ్లీ గట్టు మీద కాలు పెట్టేదాకా తెలుగు గానీ ఇంగ్లీషు గానీ మాట్లాడకండి అన్నాను. చాలామంది వెళ్లారు. వెళ్లొచ్చి నాకు రాశారు. ఒకటి చదివి వినిపిస్తే మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని నవ్వారు.

ఓఎంఆర్‌లో, అంటే చెన్నై ఐటీ కంపెనీల రోడ్డులో, ఉద్యోగాలు చేసే నలుగురు కుర్రాళ్లు, దసరా సెలవలకి విజయవాడ నుంచి వచ్చిన ఇద్దరు. అరగంటకి డబ్బు కట్టారు. నీళ్ల మధ్యకి వెళ్లాక వాళ్లలో ఒకడికి కళ్లు తిరుగుతున్నట్టు కనిపించి, పడవాయన వెనక్కి చూసి "పోదుమా?" అన్నాడు. ఇంకా ముందుకి పోదామా అని అడుగుతున్నాడనుకుని ఆరుగురూ ఒక్క గొంతుతో "ఆమా! ఆమా!" (అవును! అవును!) అన్నారు. ఆయన బోటు గట్టు వైపు తిప్పేశాడు. వీళ్లు కంగారుపడి, సముద్రం వైపు చెయ్యి చూపిస్తూ "పోదాం! పోదాం!" అని అరిచారు. ఆయన ఇంకాస్త వేగం పెంచి ఒడ్డుకి చేర్చాడు. పది నిమిషాల్లో షికారు అయిపోయింది. "మీరు నేర్పిన ఆమా మా కొంప ముంచింది" అని నాకు ఫిర్యాదు.

ఆమా ఏం పాపం చేసింది నాయనా! తప్పు "పోదుం" అనే మాటది. దాని సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇంత తేలిక మాట అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

తమిళంలో పోదుం అంటే "చాలు". వెళ్లడంతో దానికి ఏ సంబంధమూ లేదు. పోదుమా? అంటే "ఇక చాలా?" అని. మన పోదాంకీ దానికీ తేడా ఎంత? ద కింద కొమ్మా, దీర్ఘమా, అంతే. చెవిలో ఆ తేడా పట్టుకోవాలి. పైగా తమిళులు చివరి మకారాన్ని పెదవులతో మూయరు, ముక్కులోనే వదిలేస్తారు. అందుకని అది ఒక్కోసారి మనకి "పోదు" అని వినిపిస్తుంది. ఒకావిడ అలాగే విని, ఇవాళ బోటు పోదు కాబోలు అనుకుని టికెట్ కొనకుండా ఇంటికొచ్చేసింది. పక్కన ఎవరో చిల్లర లెక్కపెట్టుకుంటూ "పోదుం, పోదుం" అనుకున్నారట!

మరి "పోదాం" అనాలంటే? పోలాం. పుస్తకాల్లో పోగలాం అని ఉంటుంది, నోట్లో గ ఎగిరిపోతుంది. పుస్తకాల తమిళం పెరియమేడు ఆటోవాలా దగ్గర మాట్లాడితే ఆయన మిమ్మల్ని పంతులుగారిలా చూస్తాడు. అందుకే నేను నేర్పను.

గుర్తుకి ఒక కిటుకు. సిటీ బస్సు కండక్టర్ విజిలేసి ఏమంటాడు? "పోలాం, రైట్!" మెస్సులో సాంబారు గిన్నె పట్టుకుని వచ్చినాయనకి, చెయ్యి అడ్డం పెట్టి మీరేమంటారు? "పోదుం!" బస్సు కదిలితే పోలాం, సాంబారు ఆగితే పోదుం. నేను మద్రాసు వచ్చిన కొత్తలో దీన్ని వంటింటి గోడ మీద రాసుకున్నాను.

ఇప్పుడు ఆ "లాం" సంగతి. మన క్రియల చివర "దాం" ఎక్కడొస్తే అక్కడ తమిళంలో "లాం" పెట్టండి. చూద్దాం అంటే పాక్కలాం. తిందాం, సాప్పిడలాం. ఎక్కుదాం, ఏరలాం. దిగుదాం, ఎరంగలాం. కూర్చుందాం, ఉక్కారలాం. అడుగుదాం, కేక్కలాం. నిలబడదాం, నిక్కలాం. ఫోటో తీసుకుందాం, ఫోటో ఎడుక్కలాం. తిరిగొద్దాం, తిరుంబి వరలాం. స్నేహితులతో తిరిగే రోజుకి సగం తమిళం ఇదే.

కాకపోతే "లాం"కి రెండో ఉద్యోగం కూడా ఉంది: మన "వచ్చు". ఉళ్ళె పోలామా? అని కాపలాదారుని అడిగితే "లోపలికి వెళ్లొచ్చా?" అని. మీ స్నేహితుణ్ణి అడిగితే "లోపలికి వెళ్దామా?" అని. మనిషిని బట్టి అర్థం మారుతుంది. తమిళులు తికమకపడరు, మీరూ పడకండి.

పోదుంకి వ్యతిరేకం పత్తాదు, అంటే చాలదు. పోదాదు అని కూడా అంటారు. పోగాదు అంటే మాత్రం "పోదు, వెళ్లదు". పోదాదు, పోగాదు పక్కపక్కన రాసుకుని పైకి పదిసార్లు చదవండి. నాలుక మడతపడితే మంచిదే, గుర్తుంటుంది.

ఇంకో తంటా అవసరం. బోటు దగ్గర పిల్లాడు లైఫ్ జాకెట్ ఇవ్వబోతే ఒకాయన "అవసరం ఇల్ల" అన్నాడట. తమిళంలో అవసరం అంటే తొందర. "తొందరేం లేదు" అన్నాడు కాబట్టి ఆ పిల్లాడు జాకెట్ పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. కావాలి అంటే వేణుం, వద్దు అంటే వేణాం. అయినా జాకెట్ దగ్గర వేణాం అనకండి. ఈత వచ్చినా సరే వేసుకోండి. పడగు అంటే పడవ, కప్పల్ అంటే ఓడ, తణ్ణి అంటే నీళ్లు. వీటికి పాము పడగలు, కప్పలు, తన్నులు గుర్తొస్తే మీ ఇష్టం.

సరే, కన్యాకుమారి. ఎగ్మోర్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు. ఆ జిల్లా 1956 దాకా తిరువాన్కూరుతో ఉండేది, అక్కడి తమిళానికి కాస్త మలయాళం వాసన ఉంటుంది, బెదరకండి. అందరూ స్నానం, టిఫిను, గుడి అయ్యాక ఫెర్రీకి వెళ్తారు. నేను వెళ్లను. ముందు ఫెర్రీ వరుస, తర్వాతే ఇడ్లీ. ఎండెక్కాక ఆ వరుసలో నిలబడితే తమిళం కాదు, తెలుగే మర్చిపోతాం.

వరుస అంటే వరిస. బోట్ వరిస ఎంగణ్ణా? అని అడగండి. అణ్ణా నాకు సర్వరోగ నివారిణి. ఇరవై ఏళ్లవాడికైనా అరవై ఏళ్లవాడికైనా వాడేస్తాను. తంబి (తమ్ముడూ) అనే ధైర్యం మీకు ఇంకా వద్దు. కౌంటర్ దగ్గర ఆరు టికెట్ కుడుంగ (ఆరు టికెట్లు ఇవ్వండి) అనండి. అంకెలు మీకు వచ్చు, చెప్పను. తర్వాత ఈ రెండూ తప్పకుండా అడగండి: కడైసి బోట్ ఎత్తన మణిక్కు? (ఆఖరి బోటు ఎన్నింటికి?) తిరుంబి వరదుక్కు వేర టికెట్ వేణుమా? (తిరిగి రావడానికి వేరే టికెట్ కావాలా?)

ఈ ఫెర్రీలు నడిపేది రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన పూంబుహార్ షిప్పింగ్ కార్పొరేషన్. బోట్ల పేర్లలో గుహన్ నాకు ఇష్టం. రాముణ్ణి గంగ దాటించిన గుహుడే కదా, పడవకి ఇంతకంటే మంచి పేరేముంది? ప్రయాణం కాసేపే. దిగేటప్పుడు ఒవ్వొరుత్తరా ఎరంగుంగ అని అరుస్తారు, ఒక్కొక్కరే దిగండి అని. మన గుంపులు ఇది వినవు.

బోటు దింపేది సముద్రంలోని వివేకానంద స్మారకం దగ్గర. దాన్ని 1970లో తెరిచారు. 1892 డిసెంబరులో ఆయన ధ్యానం చేసిన బండ అది. పక్క బండ మీద, తిరుక్కురళ్ రాసిన తమిళ కవి తిరువళ్లువర్ విగ్రహం, 2000 జనవరి 1న ఆవిష్కరించారు. ఎత్తు నూత్తి ముప్పత్తి మూణు అడి, 133 అడుగులు. తిరుక్కురళ్‌లో 133 అధికారాలు, అంటే అధ్యాయాలు, కాబట్టి. పీఠం 38 అడుగులు, ధర్మం గురించిన అధికారాలు 38. మిగిలిన 95 అడుగుల విగ్రహం అర్థానికీ కామానికీ. పెద్ద అంకెలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

పూర్వం విగ్రహం దగ్గరికి బోటు వెళ్తుందో లేదో సముద్రాన్ని బట్టి ఉండేది. తణ్ణి కమ్మియా ఇరుక్కు, పోగాదు (నీళ్లు తక్కువగా ఉన్నాయి, వెళ్లదు) అనేవాళ్లు. ఇప్పుడు రెండు బండల మధ్యా 77 మీటర్ల గాజు వంతెన ఉంది, 2024 డిసెంబరు 30న తెరిచారు. నడిచి వెళ్లిపోవచ్చు. గాలి ఎక్కువైన రోజు మాత్రం ఒడ్డు నుంచే బోట్లు ఆపేస్తారు. అప్పుడు వినిపించేది: అలై జాస్తి, ఇన్నక్కి బోట్ పోగాదు (అలలు ఎక్కువ, ఇవాళ బోటు వెళ్లదు). ఈ పోగాదుని పోదాదు అనుకుని "ఎంత చాలదు?" అని పర్సు తీయకండి.

అభ్యాసం. ఒకటి: సిటీ బస్సులో కండక్టర్ పక్కన కూర్చుని ఈ చివరి స్టాపు నుంచి ఆ చివరి స్టాపు దాకా వెళ్లండి, పోలాం ఎన్నిసార్లు వినిపించిందో రాసుకోండి. రెండు: తమిళ స్నేహితుడికి ఫోన్ చేసి, కన్యాకుమారి రోజు మొత్తాన్ని పన్నెండు "లాం"లతో వివరించండి. రికార్డు చేసి వినండి. ఒక్క "దాం" దొర్లినా మొదటి నుంచి మళ్లీ చెప్పాలి. వాడు విసుక్కుంటాడు, కాఫీ ఇప్పించండి.

ముత్తుకాడు ఆరుగురికి ఇవేవీ వద్దు. వచ్చే ఆదివారం అక్కడికే వెళ్లండి. వీలైతే ఆ పడవాయన దగ్గరికే. ఆయన "పోదుమా?" అనేదాకా ఆగండి. అప్పుడు ఇలా అనండి: "పత్తాదుణ్ణా, ఇన్నుం కొంజం దూరం పోలాం!" (చాలదన్నా, ఇంకొంచెం దూరం పోదాం!)