చిన్న సెయిల్ బోట్‌కి ఏ బ్యాటరీ కొనాలి, ఎలా చార్జ్ చేయాలి

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. కార్‌లోంచి తీసేసిన బ్యాటరీ ఒకటి ఊరికే పడుంది కదా అని బోట్‌లో పెట్టేశా, ఒక్క సీజన్ కూడా రాలేదు. కార్ బ్యాటరీకి తెలిసింది ఒక్కసారి గట్టిగా కరెంట్ ఇచ్చి ఇంజిన్ లేపడం, అయిపోగానే మళ్ళీ నిండిపోవడం. మనకేమో రాత్రంతా లైటూ రేడియో కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంటాయి, దానికి మందం ప్లేట్లుండే డీప్ సైకిల్ బ్యాటరీయే కావాలి.

ఎంత సైజు అనేది షాపువాణ్ణి అడక్కండి, కాగితం మీద లెక్క వేసుకోండి. ఎల్ఈడీ యాంకర్ లైట్ (లంగరేసినప్పుడు రాత్రి వెలిగించేది) 0.2 ఆంప్స్, 10 గంటలకి 2 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది). వీహెచ్ఎఫ్ రేడియో ఊరికే ఆన్‌లో ఉంటే రోజుకి ఒక 4, చార్ట్‌ప్లాటర్ (మ్యాప్ చూపించే స్క్రీన్) 8, ఆటోపైలట్ (చుక్కాని తనే పట్టే మెషిన్) 9, ఫోన్లకి 3. మొత్తం 26 అయింది కదా, లెడ్ యాసిడ్‌ని (మామూలు యాసిడ్ బ్యాటరీని) సగం కంటే కిందకి దించకూడదు కాబట్టి రోజుకి 52 లెక్క, ఒకరోజు మబ్బు పట్టినా గడవాలంటే 100 ఏహెచ్ తీసుకోవాలి. ఫ్రిజ్ పెట్టారంటే మాత్రం ఈ లెక్కంతా గంగలో కలిసినట్టే, అదొక్కటే 30 పైన తినేస్తుంది.

రకాల్లో నా ఓటు ఏజీఎమ్‌కే, అంటే యాసిడ్‌ని గాజు పీచు మ్యాట్‌లో పీల్పించి సీల్ చేసిన లెడ్ యాసిడ్ రకం. బోట్ ఒరిగినా యాసిడ్ కారదు, నీళ్ళు పోసే పనుండదు. లిథియం (ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బరువు సగం కూడా ఉండదు, 80 శాతం దాకా వాడుకోవచ్చు, బాగుంటుంది కానీ చార్జర్ దానికి సరిపోయేది ఉండాలి, 0 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చార్జ్ చేయకూడదు, ఇంజిన్ ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంట్ తయారుచేసేది) నుంచి నేరుగా ఇస్తే ఆల్టర్నేటరే వేడెక్కి కాలిపోవచ్చు, మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ (కరెంట్‌ని అదుపులో ఉంచేది) పెట్టాల్సిందే.

ఇక చార్జింగ్, అసలు బ్యాటరీలు చచ్చేది ఇక్కడే. లెడ్ యాసిడ్ 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది, మిగతా 20 మాత్రం 14.4 వోల్ట్‌ల దగ్గర గంటల తరబడి నత్తలా ఎక్కుతుంది. మనం ఓ గంట ఇంజిన్ తిప్పి నిండిపోయింది అనుకుంటాం, రోజూ అలా సగం సగం వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ పడిపోతుంది. చిన్న అవుట్‌బోర్డ్ (బోట్ వెనక తగిలించే ఇంజిన్) ఇచ్చేది మహా అయితే 6 నుంచి 10 ఆంప్స్, అదీ ఫుల్ రేజ్ మీద. అందుకే 50 నుంచి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి పెట్టండి, చార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్‌తో. బోట్ కట్టేసి ఇంటికెళ్ళిపోయినా అది నింపుతూనే ఉంటుంది. బూమ్ (తెరచాప కింది అంచుని పట్టుకునే అడ్డకర్ర) నీడ పడని చోట పెట్టండి, ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా కరెంట్ దారుణంగా పడిపోతుంది.

చెక్ చేయాలంటే పొద్దున్నే ఎండ రాకముందు అన్నీ ఆఫ్ చేసి మల్టీమీటర్ పెట్టండి. 12.7 వోల్ట్‌లు అంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం. చార్జర్ తీసిన వెంటనే చూస్తే 13 పైన చూపిస్తుంది, నమ్మొద్దు, కొన్ని గంటలాగి చూడాలి. ఈ అంకెలు లిథియంకి పనికిరావు, దానికి షంట్ (వచ్చిపోయే కరెంట్‌ని కొలిచే ముక్క) ఉన్న మానిటర్ కావాలి.

బ్యాటరీని బెల్టుతో గట్టిగా బిగించండి, ప్లస్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గర్లో ఫ్యూజ్ వేయండి. నీళ్ళు పోసే రకమైతే గాలాడే చోటే పెట్టాలి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, ఆ పక్కన సిగరెట్ వెలిగించొద్దు.