జావా మాడ్యూల్‌కి మెయిన్ క్లాస్ (ప్రోగ్రామ్ మొదలయ్యే క్లాస్) దొరకట్లేదా?

మొన్న రుషికొండ ఐటీ హిల్ మీద మా జూనియర్ ఒకడు టీకి కూడా రాకుండా దీంతోనే కుస్తీ పట్టాడు: ప్రోగ్రామ్‌ని ప్యాక్ చేసిన జార్ ఫైల్‌ని ‘జావా -జార్’ అంటే చక్కగా నడుస్తోంది, ‘-ఎమ్’ పెట్టి మాడ్యూల్ పేరొక్కటే ఇస్తే ‘మాడ్యూల్‌మెయిన్‌క్లాస్’ అట్రిబ్యూట్ లేదని ఎర్రర్. జార్ లోపలి వివరాల ఫైల్ మానిఫెస్ట్‌లో మెయిన్ క్లాస్ పేరు ఉందిగా అంటాడు. ఉంది, కానీ దాన్ని చదివేది ‘-జార్’ పద్ధతే; మాడ్యూల్‌గా నడిపితే జావా వెతికేది మాడ్యూల్ వివరాలుండే మాడ్యూల్-ఇన్ఫో క్లాస్ ఫైల్లో.

ముందు జార్ టూల్‌కి ‘--డిస్క్రైబ్-మాడ్యూల్’ ఇచ్చి చూడండి, మెయిన్-క్లాస్ అనే వరుస లేకపోతే అదే రోగం. ‘--అప్‌డేట్’తో పాటు ‘--మెయిన్-క్లాస్’ ఇస్తే మళ్లీ బిల్డ్ చేయకుండానే ఆ పేరు మాడ్యూల్-ఇన్ఫోలోకి ఎక్కిపోతుంది. అంత ఓపిక లేదా, ‘-ఎమ్’ తర్వాత మాడ్యూల్ పేరు, స్లాష్, ప్యాకేజీతో సహా క్లాస్ పేరు కొట్టేయండి. అన్నట్టు, ఆ ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్ చేయక్కర్లేదు (అంటే వేరే మాడ్యూళ్లు వాడుకునేలా తెరవక్కర్లేదు), మావాడు ఊరికే చేశాడు.