చలానాలున్న కారుకు బీమా: విజయవాడ, గుంటూరు వాహనదారులకు దరఖాస్తు విధానం

ముందుగా ఊరటనిచ్చే మాట. మీ కారు మీద ఎన్ని చలానాలు ఉన్నా థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, దొరుకుతుంది, వాటి వల్ల దాని ధర పెరగదు. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. దీనికి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. ఈ ధర కేంద్రం నిర్ణయించేది. బెంజ్ సర్కిల్‌లో రోజూ ఎర్ర సిగ్నల్ దాటేవారికీ, జీవితంలో ఎన్నడూ దాటనివారికీ ఒకటే. న్యాయమా అంటే చెప్పలేం గానీ, నిబంధన అది.

మన కారుకు జరిగే నష్టాన్ని భరించే భాగం, అంటే ఓన్ డ్యామేజ్, వేరు. దాని ధర కంపెనీ ఇష్టం. కారు విలువ, వయసు, పాత క్లెయిములు, పాలసీలో వచ్చిన విరామం చూసి లెక్క కడతారు. రేటు కట్టడానికి నగరాలను జోన్లుగా విభజించారు; విజయవాడ, గుంటూరు 'బి' జోన్ కిందికి వస్తాయి కాబట్టి హైదరాబాద్‌తో పోలిస్తే రేటు కొంత తక్కువ. ఉల్లంఘనలకు పాయింట్లు వేసి ప్రీమియం పెంచాలని, తాగి నడిపితే 100 పాయింట్లు వేయాలని 2021లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బృందం ఒకటి ప్రతిపాదించింది. అది దేశమంతటికీ వర్తించే నిబంధన కాలేదు. పిల్లలు అమెరికాలో ఉన్నవారు ఎస్‌ఆర్-22 అనే పత్రం గురించి వినే ఉంటారు. తాగి నడిపి పట్టుబడినవారి తరఫున బీమా కంపెనీ అక్కడి రాష్ట్రానికి పంపే పత్రం అది. ఇక్కడ దాని ప్రసక్తే లేదు. అలాంటిది తెచ్చిపెడతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక దరఖాస్తు. పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో బండి నంబరు కొట్టి బకాయిలు చూసుకోండి. చలానాతో పాటు ఫొటో ఉంటే దాన్ని తప్పక తెరవండి. నంబరు ప్లేటులో ఒక అంకె తప్పుగా చదివి వేరొకరి బండి చలానా మీ ఖాతాలో పడి ఉండవచ్చు. అలా ఉంటే కట్టకుండా అభ్యంతరం తెలపండి. మిగిలినవి కట్టి రసీదులు దాచుకోండి. ఆర్సీ, పాత పాలసీ, లైసెన్సు, కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) కోసం పాన్ లేదా ఆధార్ సిద్ధంగా ఉంచుకోండి. 2023 జనవరి 1 నుంచి కేవైసీ తప్పనిసరి. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు పేరు కూడా పాలసీలో ఉండాలి.

అసలు చిక్కు ప్రపోజల్ ఫారం, అంటే బీమా దరఖాస్తు పత్రం, దగ్గరే. కారు నడిపేవారికి గతంలో ప్రమాదం కేసులో శిక్ష పడిందా, విచారణలో ఉన్న కేసులున్నాయా అని అందులో అడగవచ్చు. అరండల్‌పేటలోనైనా, పటమటలోనైనా ఏజెంటు చకచకా అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టి సంతకం చేయమంటే ఆగండి. సంతకం మీది, కాబట్టి జవాబుదారీ కూడా మీదే. సీటు బెల్టు చలానా వేరు, కోర్టులో నడుస్తున్న ప్రమాదం కేసు వేరు. రెండోది ఉంటే రాసి తీరాలి. నో క్లెయిమ్ బోనస్ విషయంలోనూ ఇంతే. క్లెయిమ్ తీసుకోనివారికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే ఈ తగ్గింపు 20 నుంచి 50 శాతం వరకు ఉంటుంది. నిరుడు క్లెయిమ్ తీసుకుని బోనస్ ఉందని రాస్తే, కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది. తీరా కారు గుద్దుకున్న రోజున క్లెయిమ్ తిరస్కరిస్తే ఏజెంటు ఫోను ఎత్తడు.

పాలసీ గడువు దాటిపోయిందా? మోటారు బీమాకు అదనపు గడువు లేదు. ఆ మరుసటి రోజు రోడ్డెక్కినా మొదటిసారి 2,000, రెండోసారి 4,000 రూపాయల జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. 90 రోజులు దాటితే కూడబెట్టుకున్న బోనస్ పోతుంది. ఓన్ డ్యామేజ్ కావాలంటే తనిఖీ తప్పదు. మనిషి వచ్చి చూస్తాడు, లేదా కంపెనీ యాప్‌లో మీరే వీడియో తీసి పంపాలి. కారు కడిగి, పగటి వెలుతురులో, నాలుగు వైపులా, అద్దం, ఛాసిస్ నంబరు, ఇంజన్ ఆన్‌లో ఉండగా ఓడోమీటర్ స్పష్టంగా కనిపించేలా తీయండి. పాత సొట్టలు దాచడానికి ప్రయత్నించవద్దు. వాటిని నమోదు చేసుకునే పాలసీ ఇస్తారు. పాలసీ చేతికి వచ్చేదాకా కారు ఇంటి దగ్గరే ఉండాలి.

ప్రీమియం బరువు అనిపిస్తే, క్లెయిమ్ వచ్చినప్పుడు తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 లేదా 2,000 రూపాయలు కాక మరికొంత కూడా మీరే భరిస్తామని ఒప్పుకోవచ్చు, రేటు తగ్గుతుంది. నడిపే తీరును బట్టి రేటు కట్టే పద్ధతికి 2022 జూలైలో అనుమతి వచ్చింది. కాజ టోల్‌ప్లాజా దాటగానే కాలు యాక్సిలరేటర్ మీద పెట్టేవారికి అది లాభసాటి కాదని మాత్రం చెప్పగలను.

తాగి నడిపినా, సస్పెండైన లైసెన్సుతో నడిపినా మీ కారు నష్టానికి పైసా రాదు. ఎదుటివారికి కంపెనీ చెల్లించినా, కోర్టు అనుమతితో ఆ మొత్తం మీ దగ్గర రాబడుతుంది.

కంపెనీ పాలసీ ఇవ్వనంటే కారణం రాతపూర్వకంగా అడగండి. దాని ఫిర్యాదుల అధికారికి రాసి, ఫలితం లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయండి. కంపెనీ తిరస్కరించినా, నెల రోజుల్లో బదులివ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా వివాదాలు తీర్చే అధికారి, దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనిదే. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.