వంకాయ మొక్క మీద చుక్కల పురుగు: మిత్రా, శత్రువా?

ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో పురుగు కనబడగానే అక్షింతల పురుగు, మంచిదేలే అని వదిలేస్తారు. వంగ, కాకర, టమాటా మీద ఆ పొరపాటు ఖరీదైనది.

ముందు వీపు చూడండి. ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే పేనుబంకను (మొక్క రసం పీల్చే చిన్న పురుగుల్ని) తినే మిత్రపురుగు వీపు నున్నగా మెరుస్తుంది. చూడ్డానికి అలాగే ఉండి ఆకు తినే ఎపిలాక్నా అనే పురుగు వీపు సన్నటి నూగుతో మసకగా ఉంటుంది. దీనికి సాధారణంగా 12 లేదా 28 చుక్కలు. అయినా చుక్కలొక్కటే నమ్మకండి, మిత్రపురుగుల్లో గీతలున్నవీ, అసలు చుక్కల్లేనివీ ఉన్నాయి.

అసలు సాక్ష్యం ఆకే. తిప్పి చూడండి. పచ్చదనం గీకేసి ఈనెలు, జల్లెడలాంటి పొర మిగిలితే ఎపిలాక్నా. పక్కనే పసుపుపచ్చని, ఒళ్లంతా కొమ్మల్లాంటి ముళ్లున్న పిల్లపురుగులుంటాయి. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చురుగ్గా తిరిగే పిల్లలు, చుట్టూ పేనుబంక ఉంటే మిత్రులే, ముట్టుకోకండి. గుడ్లు రెండింటివీ పసుపుకుప్పలే. వాటితో తేల్చడం కష్టం.

ఎపిలాక్నా అయితే పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేయండి. ఎక్కువుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. సబ్బు లేకపోతే నూనె పైకి తేలిపోతుంది.