తెరచాప పడవ స్వయంగా నేర్చుకుందాం – 4వ పాఠం: కట్టుతాడు ఎక్కడ అరుగుతుంది?

గత పాఠంలో నీటి అడుగున ఉండే బరువు, దాని నుంచి పైకి లేచే గొలుసు, గొలుసు చివర తేలే బోయా గురించి చూశాం. ఈ పాఠమంతా బోయా నుంచి పడవ మొనకు వచ్చే ఆ రెండు మూడు మీటర్ల తాడు గురించే. దాన్ని ఇక్కడ కట్టుతాడు అంటాను.

గాలివానలో విడిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిన్న పడవల మొన దగ్గరికి వెళ్లి చూడండి. చాలాసార్లు క్లీటుకు, అంటే తాడు చుట్టి కట్టడానికి పడవ మీద బిగించిన రెండు కొమ్ముల దిమ్మకు, వేసిన కట్టు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన తాడు మాత్రం పడవ అంచు దాటే చోట తెగి, కుచ్చులా విచ్చుకుని వేలాడుతూ ఉంటుంది. సరైన మందం ఉన్న కొత్త తాడు బరువు మోయలేక తెగడం అరుదు. ఒకేచోట పదేపదే ఒరుసుకుని, పోగులు ఒక్కొక్కటిగా పోయి, చివరికి మిగిలిన కొద్దిపాటి తాడు మీద మొత్తం భారం పడుతుంది. అందుకే ఇంకా లావు తాడు కొంటే సరిపోతుందన్న ఆలోచనతో నేను ఏకీభవించను. 12 మిల్లీమీటర్ల తాడు బదులు 14 మిల్లీమీటర్లది వాడితే కోత వైశాల్యం మూడో వంతుకు పైగా పెరుగుతుంది, నిజమే. కానీ ఒరపిడి అలాగే ఉంటే ఆ తాడూ తెగుతుంది, కాస్త ఆలస్యంగా.

నీటి మీద తేలే పడవ కదలకుండా ఉండదు కాబట్టి ఒరపిడిని పూర్తిగా ఆపలేం. అది ఎక్కడ జరగాలో, ఏ వస్తువు అరగాలో మాత్రం మనం నిర్ణయించవచ్చు. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని అదే.

ముందు ఒరపిడి ఎలా పుడుతుందో చూద్దాం. కట్టుతాడుకు నైలాన్ ఎంచుకునేది అది సాగుతుందనే. అల పడవను ఎత్తి వెనక్కి నెట్టినప్పుడు పుట్టే కుదుపును తాడు సాగి తనలో ఇముడ్చుకుంటుంది, క్లీటు మీద పడనివ్వదు. అయితే సాగేది పడవ బయటి తాడు ఒక్కటే కాదు. తాడు పడవ అంచు దాటే చోట చాక్ అనే లోహపు గాడి ఉంటుంది. క్లీటుకూ ఆ గాడికీ మధ్య ఉన్న తాడు కూడా సాగుతుంది. అది ఎంత సాగితే గాడి మీద తాడు అంత ముందుకు జారుతుంది, అల దాటగానే వెనక్కి వస్తుంది. క్లీటు గాడికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. తాడు 10 శాతం సాగితే ఈ జారుడు 3 సెంటీమీటర్లు. అదే తాడును 2 మీటర్ల వెనక ఉన్న తెరచాప స్తంభం మొదలుకు కడితే 20 సెంటీమీటర్లు. అయిదారు సెకన్లకు ఒక అల వచ్చే రాత్రి, గంటకు ఆరేడు వందల సార్లు తాడు ఆ అంచు మీద రంపంలా ఆడుతుంది.

కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి జాగ్రత్త ఇది: తాడును గాడికి వీలైనంత దగ్గరి క్లీటుకు కట్టండి. స్తంభం బలమైనది కదా అని అక్కడిదాకా లాగి కట్టేవారున్నారు. దానికన్నా మొన దగ్గరి క్లీటు కింద గట్టి పలక వేసి, బోల్టులు మార్చి, దాన్నే బలపరచుకోవడం మేలు. క్లీటు పొడవు తాడు మందానికి సుమారు 16 రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 12 మిల్లీమీటర్ల తాడుకు 19 సెంటీమీటర్ల పైచిలుకు క్లీటు. అంతకన్నా చిన్నదైతే చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కి అక్కడ కూడా ఒరుసుకుంటాయి.

రెండో కారణం కోణం. బోయా మొనకు మరీ దగ్గరగా ఉంటే తాడు గాడి దాటగానే నిట్టనిలువుగా కిందికి వంగుతుంది. ఎంత ఎక్కువ వంగితే గాడి అంచు మీద అంత ఎక్కువ ఒత్తిడి. నీటి మట్టం నుంచి మొన ఎంత ఎత్తులో ఉందో కొలిచి, దానికి కనీసం రెండున్నర రెట్లు తాడు బయట ఉండేలా చూసుకోవాలి. మొన ఎత్తు 80 సెంటీమీటర్లయితే బయట 2 మీటర్లు. అప్పుడు తాడు బిగుసుకున్నప్పుడు సమతలం నుంచి 24 డిగ్రీల దాకా మాత్రమే వంగుతుంది, గాడి మీద పడే ఒత్తిడి తాడులోని బిగువులో 40 శాతం చిల్లర. అదే తాడును సగానికి తగ్గిస్తే ఆ ఒత్తిడి 90 శాతం దగ్గరికి చేరుతుంది. పొడవు తగ్గించి పడవను ‘దగ్గరగా, భద్రంగా’ కట్టామనుకోవడం ఎంత తప్పో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మూడోది, గాలిలో పడవ కుదురుగా నిలవకపోవడం. మొన ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతూ ఊగుతుంది. అలా ఊగిన ప్రతిసారీ తాడు గాడి అడుగును వదిలి పక్క అంచును ఒరుసుకుంటుంది. చాలా గాడులు అడుగున నున్నగానే ఉంటాయి, పక్క కొమ్ముల దగ్గరే పదును ఉంటుంది. చిన్న దూది ఉండ తీసుకుని గాడి అంతటా, ముఖ్యంగా కొమ్ముల లోపలి వైపు రుద్దండి. పోగు చిక్కుకున్న ప్రతిచోటా తాడు కూడా చిక్కుకుంటుంది. అక్కడ సన్నని ఆకురాయితో అరగదీసి, తరువాత ఉప్పుకాగితంతో నునుపు చేయండి. దూది ఎక్కడా అంటుకోకుండా జారే వరకు ఆపకండి.

ఇక తొడుగు. తాడు బదులు అరిగిపోవడానికే దాన్ని వేస్తాం, కాబట్టి అది అరిగిపోతే బాధపడాల్సిన పని లేదు. మందపాటి తోలు, పాత అగ్నిమాపక గొట్టం గుడ్డ, గొట్టంలా నేసిన గట్టి పట్టీ, ఇవన్నీ పనికొస్తాయి. తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి తాడుకు తొడిగి, టేపు చుట్టేయడం నాకు నచ్చదు. తడిసిన టేపు వదిలేస్తుంది, గొట్టం జారి బోయా వైపు పోతుంది, తాడు మళ్లీ గాడిని నేరుగా ఒరుసుకుంటుంది. ఇంకో పెద్ద చిక్కు వేడి. తుపానులో నైలాన్ తాడు ఆగకుండా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే లోపలి పోగులు ఒకదానినొకటి రాసుకుని వేడెక్కుతాయి. వాననీరు, అల నీరు తగులుతుంటే ఆ వేడి పోతుంది. నీరు చొరని గొట్టం లోపల అది ఎటూ పోదు. నైలాన్ రకాన్ని బట్టి సుమారు 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి బలం కోల్పోతుంది. అందుకే నీరు లోపలికి చేరే గుడ్డకో తోలుకో నా ఓటు.

తోలు కుట్టడం కష్టమేమీ కాదు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న తోలు తీసుకోండి. తాడు గాడిలో ఉండగా, జారుడును కూడా లెక్కలోకి తీసుకుని, గాడికి రెండు వైపులా కనీసం చెరో 20 సెంటీమీటర్లు కప్పేలా పొడవు కత్తిరించండి. వెడల్పు తాడు చుట్టుకొలతకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువే ఉండాలి. రెండు అంచుల వెంట సమాన దూరంలో చిల్లులు పొడవండి. తోలును నీళ్లలో నానబెట్టి, గరుకు వైపు లోపలికి వచ్చేలా తాడుకు చుట్టి, మైనం పట్టించిన దారంతో అంచులు ఒకదానికొకటి ఎదురుగా చేరేలా కుట్టండి. ఒకదానిమీద ఒకటి ఎక్కించకండి, ఆ మెట్టు గాడిలో పట్టుకుంటుంది. ఆరేకొద్దీ తోలు బిగుసుకుని తాడును పట్టేస్తుంది. కుట్టు గాడిలో పైకి చూస్తూ ఉండాలి, కిందికి గానీ పక్కకు గానీ ఉంటే మొదట తెగేది దారమే.

తొడుగు తాడుతో పాటు కదలాలి. తొడుగు గాడిలో నిలిచిపోయి దాని లోపల తాడు ఆడితే మనం సాధించింది ఏమీ లేదు. క్లీటు వైపున్న చివర, దారాన్ని తాడు పేటల మధ్య నుంచి రెండు మూడు సార్లు పోనిచ్చి బిగించండి. బోయా వైపు చివరను అలా బిగించకండి, తాడు సాగడానికి అక్కడ వీలుండాలి.

రెండు కట్టుతాళ్లు వేసుకునే చోటు ఉంటే తప్పక వేసుకోండి. దేని గాడి దానికి, దేని క్లీటు దానికి, దేని తొడుగు దానికి. రెండోదాన్ని ఒక జానెడు పొడవుగా వదలడమే నాకు ఇష్టం. మొదటిది అరుగుతున్నంత కాలం రెండోది పెద్దగా భారం లేకుండా కొత్తగానే ఉంటుంది. రెండూ సమానంగా ఉంటే ఒకే రాత్రి రెండూ ఒకే స్థితికి చేరుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి మెలిపడకుండా చూడటం మాత్రం మరవకండి.

బోయా వైపు చివర సంగతి. అక్కడ ముడి వేయకుండా పేటలు వెనక్కి అల్లి ఉచ్చు చేయండి. ముడి తాడు బలాన్ని దాదాపు సగానికి తగ్గించగలదు, మంచి అల్లిక చాలావరకు నిలుపుతుంది. ఉచ్చు లోపల లోహపు తొడుగు ఉంటేనే షాకిల్ (తాడును బోయాకు కలిపే, మరతో మూసే లోహపు లంకె) తాడును కొరకదు. బోయా కింది భాగంలో పెరిగే గుల్లలు కత్తుల్లా పదునుగా ఉంటాయి, తాడు అటువైపు వాలే వీలుంటే వాటిని తరచూ గీకేయాలి.

ఇప్పుడు పరీక్ష. తొడుగు విప్పకుండా తాడు బాగుందని ఎవరూ చెప్పలేరు. క్లీటు వైపు కుట్టు విప్పి తొడుగును పక్కకు జరపండి. పైన సన్నని నూగు లేచి ఉంటే భయపడకండి. కొద్దిపాటి నూగు కింది పోగులను కాపాడుతుంది. తరువాత రెండు చేతులతో తాడును పురికి ఎదురు తిప్పి, మూడు పేటల మధ్య సందు తెరిచి లోపలికి చూడండి. లోపలి వైపు శుభ్రంగా, మెరుపుతో ఉండాలి. తెల్లని పొడి రాలితే, పోగులు తుంపులుగా ఊడి వస్తే లోపల ఇసుకో ఉప్పు గడ్డలో చేరి కోస్తున్నాయని అర్థం. వేలితో నొక్కినప్పుడు ఒకచోట తాడు కర్రలా బిగుసుకుని, పోగులు అంటుకుపోయి గాజులా మెరుస్తుంటే అది కరిగి గట్టిపడిన చోటు. ఆ తాడు పని అయిపోయింది, అది కొన్నది నిన్నైనా సరే. ఏదైనా ఒక పేటలో పోగులు గుత్తులుగా తెగి ఉన్నా అంతే.

అరుగుదల కొద్దిగానే ఉంటే, రెండు చివరలా ఉచ్చు ఉన్న తాడును తిరగేసి కట్టవచ్చు. అలా చేస్తే గాడిలోకి కొత్త భాగం వస్తుంది. తిరగేసినప్పుడు పాత గాడి చోటు బోయాకు తగిలే చోట పడకుండా కొలిచి చూసుకోండి.

పడవ మీద అరిగేవి ఇంకొన్ని ఉన్నాయి. తెరచాపను పైకి లాగే తాళ్లు స్తంభాన్ని రాత్రంతా కొడుతూ ఉంటే తాళ్లూ పాడవుతాయి, స్తంభం రంగూ పోతుంది. సాగే తాడుతో వాటిని పక్కకు లాగి కట్టండి. చుట్టి ఉంచిన ముందు తెరచాప గాలికి విచ్చుకోకుండా దాని తాళ్లను తెరచాప చుట్టూ అదనంగా రెండు మూడు సార్లు తిప్పి బిగించండి. విచ్చుకున్న తెరచాప చిరగడమే కాదు, పడవను విపరీతంగా ఊగించి కట్టుతాడును కూడా తెంచేస్తుంది. చుక్కాని పిడిని రెండు వైపుల నుంచీ కట్టి నడిమధ్య నిలపండి.

తరువాతి పాఠం నాటికి చేయవలసిన అభ్యాసం: మీ పడవ మొన ఎత్తు, క్లీటు నుంచి గాడికి దూరం, బయట ఉన్న తాడు పొడవు కొలిచి రాసుకోండి. గాడిలో తాడు ఉన్న చోట రంగు దారంతో గుర్తు కట్టి, ఒక గాలి రోజు ఒడ్డు నుంచో మరో పడవ నుంచో ఆ గుర్తు ఎంత దూరం ముందుకూ వెనక్కూ ఆడుతోందో గమనించండి. తోలు కొలత ఆ సంఖ్య నుంచే తీసుకోవాలి. అయిదో పాఠంలో నీటి కిందికి వెళదాం. అడుగున గొలుసు లేచి పడే చోట లంకెలు ఎలా సన్నబడతాయో, షాకిల్ మర ఊడకుండా దేనితో కట్టాలో చూద్దాం.